కారు శుభ్రం, చిన్నాచితకా రిపేర్లు: ఏ సామాను దేనికి? తరచుగా అడిగే ప్రశ్నలు

కారును ఇంటి దగ్గరే కడుక్కునేవాళ్లు, ప్రతి చిన్నదానికీ మెకానిక్ దగ్గరికి పరిగెత్తడం ఎందుకనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిట్లో ఒకే పద్ధతి కనిపిస్తుంది: ముందు తేలికైనది వాడి చూడాలి, లొంగకపోతేనే ఘాటైనదాని జోలికి వెళ్లాలి. నీళ్లతో పోయే మురికికి పెయింట్ పై పొరను అరగదీసే కాంపౌండ్ పట్టుకొస్తే మురికితో పాటు పెయింటూ పోతుంది.

## కొత్తగా మొదలుపెడుతున్నాను. ఏమేం కొనాలి?

శుభ్రం చేయడానికి రెండు బకెట్లు, కార్ షాంపూ, చేతికి తొడుక్కునే వాష్ మిట్, పది దాకా మైక్రోఫైబర్ గుడ్డలు, తడి తుడవడానికి ఒక పెద్ద డ్రైయింగ్ టవల్, చక్రాలకు విడిగా ఒక బ్రష్, అమ్మోనియా లేని గ్లాస్ క్లీనర్ ఉంటే చాలు. లోపలి పనికి వాక్యూమ్ క్లీనర్, ఏసీ గ్రిల్స్ సందుల్లో దుమ్ము దులపడానికి ఒక మెత్తటి కుచ్చు బ్రష్ కావాలి.

రిపేర్లకు టైర్ ప్రెషర్ గేజ్, కారు సాకెట్‌తో నడిచే 12 వోల్టుల గాలి పంపు, చిన్న మల్టీమీటర్, రకానికి రెండు చొప్పున ఫ్యూజులు, 10 మిల్లీమీటర్ల స్పానర్, స్క్రూడ్రైవర్లు, కేబుల్ టైలు, రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేప్, నైట్రైల్ గ్లవ్స్, ఒక టార్చ్ పెట్టుకోండి.

ఇంతకు మించి వెంటనే ఏమీ అక్కర్లేదు. అన్నీ కలిపి అమ్మే పెద్ద కిట్లలో సగం సీసాలు మూత కూడా తీయకుండానే మూలన పడతాయి. అవసరం వచ్చినప్పుడు ఆ ఒక్కటి కొనుక్కోవడమే మేలు.

## గిన్నెలు తోమే లిక్విడ్‌తో కారు కడగొచ్చా?

ఒక్కసారి కడిగినంత మాత్రాన పెయింట్ ఊడిపోదు. కానీ ఆ లిక్విడ్ తయారైందే జిడ్డు వదిలించడానికి. కారు మీదున్న వ్యాక్స్, అంటే పెయింట్ మీద రాసే మైనపు పూత, కూడా దానికి జిడ్డే కాబట్టి, అది కూడా కొంత కొంతగా పోతుంది. కార్ షాంపూలు ఎక్కువగా పీహెచ్ 7 దగ్గర, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా, ఉండేలా చేస్తారు, పైగా గుడ్డ పెయింట్ మీద జారడానికి కావలసిన నున్నదనం వాటిలో ఉంటుంది. షాంపూ అసలు పని మురికి వదిలించడం కంటే ఈ జారుడే అంటాను నేను. పాత వ్యాక్స్ మొత్తం తీసేసి కొత్తది వేయాలనుకున్నప్పుడు మాత్రం గిన్నెల లిక్విడ్ వాడేవాళ్లున్నారు. అందులో తప్పు లేదు.

## రెండు బకెట్లు ఎందుకు? ఒకటి సరిపోదా?

ఎండలో కారు పక్కకు నిలబడి బానెట్ వైపు చూస్తే సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు కనిపిస్తాయి కదా, వాటిలో ఎక్కువ భాగం రోడ్డు మీద పడినవి కావు. కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడినవి. కారు రంగు పైన ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, సాధారణంగా 50 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. మనిషి వెంట్రుక దానికంటే మందం. అంత సన్నటి పొర మీద ఇసుక రేణువు ఇరుక్కున్న గుడ్డతో రుద్దితే గీత పడక ఏం చేస్తుంది?

ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండో దాంట్లో మామూలు నీళ్లు పెట్టుకోండి. కారు మీద కొంత మేర రుద్దాక మిట్‌ను ముందు మామూలు నీళ్లలో బాగా జాడించి పిండి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. పని అయ్యాక జాడించిన బకెట్ అడుగున చూడండి, నల్లటి ఇసుక పేరుకుని ఉంటుంది. ఒకే బకెట్ అయితే అదంతా మళ్లీ మళ్లీ కారు మీదికే ఎక్కేది. బకెట్ అడుగున పెట్టే జల్లెడ లాంటి గ్రిట్ గార్డ్ కూడా దొరుకుతుంది. అది ఇసుకను కింద ఉంచేసి పైకి లేవనివ్వదు.

వరుస కూడా ముఖ్యమే. చక్రాలు ముందు, ఎందుకంటే అక్కడి మురికి పైకి చిమ్ముతుంది. తర్వాత కారు మొత్తం నీళ్లు కొట్టి వదులుగా ఉన్న దుమ్ము పోనివ్వాలి. ఆ తర్వాత టాప్ నుంచి కిందికి రావాలి. తలుపుల కింది భాగం, వెనక బంపర్ చివర్లో. ఎండలో, బానెట్ వేడిగా ఉన్నప్పుడు కడగొద్దు. షాంపూ ఎండిపోయి చారలు కడుతుంది.

పొడి దుమ్మున్న కారును పొడి గుడ్డతో తుడిచే అలవాటుంటే అది మాత్రం మానేయండి. పై సామానంతా కొన్నా, రోజూ పొద్దున్నే ఆ ఒక్క పని చేస్తే గీతలు తప్పవు.

## మైక్రోఫైబర్ గుడ్డల్లో ఏది మంచిది? ఎలా ఉతకాలి?

ఇవి పాలిస్టర్, పాలిమైడ్ కలిపి నేసినవి. ప్యాకెట్ మీద 80/20 అనో 70/30 అనో రాసేది ఆ పాళ్లే. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువని. లోపలి భాగాలు తుడవడానికి, వ్యాక్స్ తీయడానికి 300 నుంచి 400 మధ్య ఉన్నవి సరిపోతాయి. తడి పీల్చుకోవడానికి 500 పైన ఉన్నవి తీసుకోండి. అద్దాలకు పైకి లేచిన పోగులు లేని, చదునుగా నేసినవి బాగుంటాయి.

అంచున గట్టిగా కుట్టిన లేబుల్ ఉంటే ముందే కత్తిరించేయండి, అది గీస్తుంది. చక్రాలకు వాడిన గుడ్డ జన్మలో పెయింట్ మీదికి రాకూడదు. రంగుల వారీగా విడదీసుకుంటే గందరగోళం ఉండదు. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపొద్దు, ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలే వద్దు. పోగుల మీద అది పొరలా పట్టుకుంటే గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. గుడ్డ కింద పడిందంటే ఆ పూటకు దాని పని అయిపోయినట్టే.

## పిట్ట రెట్ట, తారు మచ్చలు, చెట్టు బంక, పురుగులు... వీటన్నిటికీ ఒకే క్లీనర్ ఉందా?

లేదు. ఉన్నా వాడొద్దనే చెబుతాను.

పిట్ట రెట్టలో ఆమ్ల గుణం ఉంటుంది. ఎండకు వేడెక్కిన పెయింట్ మీద పడితే కొన్ని గంటల్లోనే మచ్చ దిగొచ్చు. కాబట్టి వాయిదా వేయొద్దు. తడిపిన గుడ్డ దాని మీద పరిచి కొద్ది నిమిషాలు ఉంచండి, మెత్తబడ్డాక రుద్దకుండా ఎత్తేయండి. కారులో ఒక చిన్న నీళ్ల స్ప్రే సీసా, రెండు గుడ్డలు ఉంచుకుంటే ఈ పని రోడ్డు పక్కనే అయిపోతుంది.

తారుకు నీళ్లు, షాంపూ పనిచేయవు. టార్ రిమూవర్ గుడ్డకు అద్ది మచ్చ మీద కాసేపు ఆనించి తుడవాలి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే కూడా తారును, స్టిక్కర్ జిగురును కరిగిస్తుంది. ఏది వాడినా తర్వాత షాంపూతో కడిగి, అక్కడ మళ్లీ వ్యాక్స్ రాయాలి. పెట్రోలుతో తుడిచేవాళ్లను చూస్తుంటాం. నిప్పు ప్రమాదం ఒకటి, ఒంటికి మంచిది కాకపోవడం ఇంకొకటి, ఆ పని మానుకోండి.

చెట్టు బంక ఎండితే రాయిలా గట్టిపడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో మెత్తబరచాలి, గోటితో గీకకూడదు. పురుగుల మరకలకు షాంపూ నీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు పరిచి ఉంచితే చాలావరకు వదులుతాయి.

## కడిగాక తెల్లటి నీటి మచ్చలు మిగులుతున్నాయి. ఏం చేయాలి?

గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరిపోయాక అక్కడే ఉండిపోతాయి. అసలు మందు నీరు ఆరనివ్వకపోవడమే, కడిగిన వెంటనే టవల్‌తో తుడిచేయాలి. ఇప్పటికే ఉన్న మచ్చలకు తెల్ల వినెగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాల్లో శుభ్రంగా కడిగేయండి. ఎండలో చేయొద్దు, ఆరనివ్వొద్దు. అప్పటికీ పోకపోతే మచ్చ పెయింట్‌లోకి దిగిందన్నమాట, ఇక అది పాలిష్ పని.

## క్లే బార్ అంటే ఏమిటి? నాకు అవసరమా?

ఒక పలుచటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని, కడిగి ఆరబెట్టిన బానెట్ మీద వేళ్లు తేలిగ్గా జరపండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోటే కవర్ లోంచి సన్నటి గరుకు తగులుతుంది. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రేణువులు, పెయింట్ తుంపర్లు, బంక చుక్కలు పెయింట్‌లో గుచ్చుకుని ఉంటాయి. షాంపూకి అవి రావు. మెత్తటి బంకమట్టి ముద్దలాంటి ఈ క్లే వాటిని పట్టి లాగేస్తుంది.

వాడేటప్పుడు దానితో పాటు వచ్చే లూబ్రికెంట్ ధారాళంగా చల్లాలి. చిన్న ముక్కను చపటగా చేసి, తిన్నటి గీతల్లో, ఒత్తకుండా జరపాలి. మురికి పట్టగానే మడిచి కొత్త వైపు తిప్పుకోవాలి. కింద పడితే పారేయడమే, కడిగి వాడుకుందామనుకోవద్దు. కవర్ పరీక్షలో గరుకు తగలకపోతే క్లే జోలికే వెళ్లొద్దు. వాడిన ప్రతిసారీ పాత వ్యాక్స్ పోతుంది కాబట్టి తర్వాత మళ్లీ వేసుకోవాలి.

## కాంపౌండ్, పాలిష్, వ్యాక్స్, సిరామిక్ కోటింగ్... తేడా ఏమిటి?

కాంపౌండ్, పాలిష్ రెండూ క్లియర్ కోట్‌ను సన్నగా అరగదీస్తాయి. కాంపౌండ్ గరుకు ఎక్కువ, పాలిష్ తక్కువ. వ్యాక్స్, సీలెంట్ పైన పొర వేస్తాయి, ఏమీ తీయవు. సిరామిక్ కోటింగ్ కూడా పొరే, కాకపోతే గట్టిది, ఎక్కువ కాలం ఉండేది. అది వేస్తే ఇక గీతలే పడవని చెప్పేవాళ్లను నమ్మకండి. నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, అంతవరకు నిజం. కింద ఉన్న గీతలను అది దాచదు కూడా, అందుకే వేసే ముందు పాలిష్ చేస్తారు.

## గీత పడింది. ఇంట్లో పోతుందా?

గీతకు అడ్డంగా గోరు తేలిగ్గా జరపండి. గోరు ఆగకపోతే గీత క్లియర్ కోట్‌లోనే ఉంది, పాలిష్‌తో పోతుంది లేదా బాగా తగ్గుతుంది. గోరు తట్టుకుని ఆగితే లోతుకు దిగింది, ఎంత రుద్దినా పోదు, చుట్టూ ఉన్న మంచి పెయింట్ మాత్రం అరుగుతుంది. అక్కడ కావలసింది టచప్ పెయింట్.

రంగు కోడ్ ఎక్కువ కార్లలో డ్రైవర్ తలుపు తీసినప్పుడు కనిపించే స్టిక్కర్ మీదో, బానెట్ కింద ఉన్న ప్లేటు మీదో ఉంటుంది. తెలుపు అంటే తెలుపే కదా అని కోడ్ చూడకుండా కొంటే మాత్రం అతుకు దూరం నుంచే తెలిసిపోతుంది. ముందు ఆ చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు లేకుండా చేయాలి. లోహం కనిపిస్తుంటే ప్రైమర్ చుక్క వేయాలి. తుప్పు పట్టి ఉంటే సన్న ఎమరీ పేపర్‌తో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, సందుల్లో మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ రాసి, ఆ తర్వాతే ప్రైమర్. పెయింట్ సీసా బాగా గిలకొట్టి, మూతకున్న బ్రష్ కాకుండా పంటిపుల్ల మొనతో కొద్దికొద్దిగా నింపండి. ఒకే మందపు చుక్క కంటే ఆరనిస్తూ వేసే రెండు మూడు పలుచటి పూతలు బాగా కూర్చుంటాయి. చివర్లో క్లియర్ కోట్. దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది, తెలియకుండా ఎవరూ చేయలేరు. మన లక్ష్యం తుప్పు ఆపడం.

## హెడ్‌లైట్లు పసుపు పచ్చగా, మసగ్గా అయ్యాయి. టూత్‌పేస్ట్ పనిచేస్తుందా?

కొంచెం పనిచేస్తుంది, కొన్నాళ్లే. హెడ్‌లైట్ పైభాగం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడటానికి దాని మీద ఫ్యాక్టరీలో ఒక పూత వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పాడవుతుంది, పసుపు రంగు అదే. టూత్‌పేస్ట్‌లోని సన్నటి గరుకు పైపైన కొంత తీస్తుంది, కానీ పూత తిరిగి రాదు కదా.

సరైన పద్ధతి ఇది. లైటు చుట్టూ పెయింట్‌కు మాస్కింగ్ టేప్ రెండు వరసలు అంటించండి. 1000 నంబర్ ఎమరీ పేపర్‌ను నీళ్లలో నానబెట్టి, తడి తడిగా ఒకే దిశలో రుద్దండి. మొదట కారే నీళ్లు పసుపుగా ఉంటాయి, పాడైన పూత వస్తోందన్నమాట. నీళ్లు తెల్లగా మారేదాకా ఆపొద్దు. ఈ దశలో లైటు ముందుకంటే మసగ్గా కనిపిస్తుంది, చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే. తర్వాత 2000, ఆపైన 3000. ప్రతిసారీ దిశ మార్చి రుద్దితే ముందటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఆ పైన పాలిషింగ్ కాంపౌండ్‌తో రుద్దితే వెలుగు తిరిగొస్తుంది. చివరగా ఆల్కహాల్‌తో తుడిచి, అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ కోటింగ్ వేయాలి. కిట్ కొనేటప్పుడు ఆ కోటింగ్ ఉందా లేదా అన్నదే చూడండి. అది లేకపోతే కొద్ది నెలల్లో మళ్లీ పసుపే.

మసక లోపలి వైపు ఉంటే, తేమ పట్టి ఉంటే, బయట ఎంత రుద్దినా లాభం లేదు.

## ముందు అద్దం మీద రాత్రిపూట చారలు, మెరుపులు. వైపర్ మార్చాలా?

ముందు అద్దం తుడిచి చూడండి. లోపలి వైపు కూడా. డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ వేడికి వదిలే ఆవిరి అద్దం మీద సన్నటి జిడ్డు పొరగా పేరుకుంటుంది, ఎదుటి లైట్లు పడ్డప్పుడే అది బయటపడుతుంది. అద్దాలకు సన్ ఫిల్మ్ ఉంటే అమ్మోనియా ఉన్న క్లీనర్ దాన్ని పాడుచేస్తుంది. లోపల అడ్డంగా, బయట నిలువుగా తుడిస్తే మిగిలిన చార ఏ వైపుదో ఇట్టే తెలిసిపోతుంది.

వైపర్ రబ్బరును ఆల్కహాల్ అద్దిన గుడ్డతో లాగి తుడవండి, నల్లటి మడ్డి వస్తుంది. అప్పటికీ చారలు వేస్తున్నా, టకటకమని ఎగురుతున్నా రబ్బరు గట్టిపడిందన్నమాట, మార్చేయండి. ఏడాదికి అటూ ఇటూగా ఎలాగూ మార్చాల్సిందే. మార్చేటప్పుడు అద్దం మీద మందపాటి టవల్ పరచడం మర్చిపోవద్దు. బ్లేడ్ లేని ఇనుప చెయ్యి స్ప్రింగ్ బలానికి టప్పున వచ్చి కొడితే అద్దమే పగులుతుంది.

## డ్యాష్‌బోర్డ్‌కు నిగనిగలాడే పాలిష్ వేయొచ్చా? స్క్రీన్‌కు?

నాకైతే నచ్చదు. మెరిసే డ్యాష్‌బోర్డ్ ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది, పైగా జిడ్డుకు దుమ్ము పడుతుంది. మ్యాట్ ఫినిష్ అని రాసిన, యూవీ రక్షణ ఉన్న ఇంటీరియర్ క్లీనర్ చాలు. స్టీరింగ్, పెడల్స్, గేర్ నాబ్ మీద ఏ రకం సిలికాన్ పాలిషూ వేయకండి, జారతాయి.

స్క్రీన్ మీద నేరుగా స్ప్రే చేయొద్దు. కొద్దిగా తడి చేసిన మైక్రోఫైబర్ గుడ్డ సరిపోతుంది. శానిటైజర్, ఘాటైన ఆల్కహాల్ స్క్రీన్ పూతను, లెదర్ రంగును పోగొడతాయి.

## లోపల వాసన పోవడం లేదు. ఏ సెంటు వాడాలి?

సెంటు వాడితే రెండు వాసనలు కలిసి వస్తాయి. మూలం వెతకండి. ఏసీ వేయగానే ముతక వాసన వస్తే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. తీసినప్పుడు ఆకులు, దుమ్ము, ఒక్కోసారి బూజు కనిపిస్తాయి. గాలి ఏ దిశలో పోవాలో ఫిల్టర్ అంచున బాణం గుర్తు ఉంటుంది, కొత్తది అలాగే పెట్టాలి. ఫిల్టర్ మార్చినా పోకపోతే లోపలి కూలింగ్ కాయిల్ మీద తేమకు పెరిగిన బూజే కారణం, దానికి ఏసీ కోసమే చేసిన ఫోమ్ క్లీనర్లు దొరుకుతాయి. గమ్యం చేరడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ ఒక్కటే నడిపితే కాయిల్ ఆరుతుంది, బూజు పట్టడం తగ్గుతుంది.

పాలు ఒలికినా, ఎవరైనా వాంతి చేసుకున్నా ఎంజైమ్ క్లీనర్ వాడాలి. వేడి నీళ్లు పోస్తే పాలలోని ప్రొటీన్ గట్టిపడి బట్టకు పట్టుకుపోతుంది, చల్లటి నీళ్లే వాడండి. మామూలు వాసనలకు కార్పెట్ మీద వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేస్తే సరిపోతుంది. మ్యాట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడటం మాత్రం మరిచిపోవద్దు. తడి ఉంటే నీళ్లు ఎక్కడి నుంచో వస్తున్నాయన్నమాట.

## తలుపు తీసినప్పుడల్లా లోపల నీళ్లు కదిలిన చప్పుడు. ఏమిటిది?

తలుపు అడుగు అంచున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో అవి మూసుకుపోయాయి. ఒక కేబుల్ టై కొసతో మెల్లగా పొడిస్తే నీళ్లు బుడబుడమని దిగిపోతాయి. ఇనుప తీగ వాడొద్దు, పెయింట్ లేచి అక్కడే తుప్పు మొదలవుతుంది.

## రిమ్ముల మీద నల్ల మసి, కడిగాక బ్రేక్ డిస్క్ మీద నారింజ తుప్పు... ప్రమాదమా?

నారింజ పొర గురించి కంగారు అక్కర్లేదు. డిస్కులు పోత ఇనుముతో చేసినవి, తడి తగిలితే గంటల్లోనే పైపైన తుప్పు వస్తుంది. బండి తీసి నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది. కడగగానే ఒకసారి కొద్ది దూరం నడిపి బ్రేకులు ఆరబెట్టడం మంచి అలవాటు.

నల్ల మసికి ముందు షాంపూ, బ్రష్. లొంగకపోతే ఐరన్ రిమూవర్. ఇది ఇనుప రేణువులతో కలిసి ఊదా రంగుకు మారుతుంది, చూడటానికి సరదాగానే ఉంటుంది కానీ వాసన భరించడం కష్టం. రిమ్ము చల్లారాకే వాడాలి, ఆరకముందే కడిగేయాలి. టైర్ల నలుపు మెరుగుకు నీళ్ల ఆధారంగా చేసిన డ్రెస్సింగ్ తీసుకోండి, పక్క గోడకు మాత్రమే రాయండి. రోడ్డును తాకే భాగం మీద పడితే పట్టు తప్పుతుంది.

## డబ్ల్యూడీ-40 అన్నిటికీ పనికొస్తుందంటారు. నిజమా?

చాలావాటికి పనికొస్తుంది, అన్నిటికీ కాదు. 1953లో తుప్పు పట్టకుండా తడిని తరిమేయడం కోసం తయారైంది, అట్లాస్ క్షిపణి బయటి పొరకు వాడారు. ఆ పని ఇప్పటికీ బాగా చేస్తుంది. బిగుసుకున్న నట్టును వదులు చేయడానికి, స్టిక్కర్ జిగురు తీయడానికి, తడిసిన చోట తేమ పోగొట్టడానికి వాడుకోండి. తలుపు బందులకు వేస్తే కిర్రుమనడం ఆగుతుంది, కానీ ఎక్కువ రోజులు నిలవదు. ఉన్న గ్రీజును కూడా కరిగించుకుపోతుంది. బందులకు, తలుపు ఆగే పట్టీకి వైట్ లిథియం గ్రీజు వేయండి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌కు, నిదానంగా లేచే కిటికీ అద్దం గాడికి సిలికాన్ స్ప్రే సరైనది. ఇవేవీ బ్రేక్ డిస్కుల మీద, ప్యాడ్ల మీద పడకూడదు. పెయింట్ వేయబోయే చోట సిలికాన్ తగిలితే పెయింట్ పట్టదు.

## బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంది. తుడిచేయొచ్చా?

ఉత్త చేతులతో వద్దు, అందులో ఆమ్లం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. ఇంజన్ ఆపి, ముందు నెగటివ్ టెర్మినల్ విప్పండి, తర్వాత పాజిటివ్. నెగటివ్ బిగించి ఉండగానే పాజిటివ్ విప్పబోతే, స్పానర్ పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి.

ఒక కప్పు నీళ్లలో చెంచా వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. నురుగు పొంగుతుంది, పొంగడం ఆగిందంటే ఆమ్లం పోయినట్టు. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి వెళ్లకుండా చూసుకోండి. తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడిచి, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి.

పనిలో పనిగా మల్టీమీటర్ పెట్టి చూడండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటే పూర్తి చార్జ్, 12.4 అంటే ముప్పావు వంతు, 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే సాధారణంగా 13.7 నుంచి 14.7 మధ్య చూపించాలి. 12 దగ్గరే ఉంటే లోపం బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్ చార్జ్ ఇవ్వడం లేదేమో చూపించుకోండి. కొత్త బ్యాటరీ కొనేముందు ఈ ఒక్క కొలత తీసుకుంటే ఖర్చు తప్పొచ్చు.

## ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. పెద్దది వేయొచ్చా?

వద్దు. ఫ్యూజు వైరును కాపాడటానికి ఉంది. 10 ఆంపియర్ల చోట 20 వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. బ్లేడ్ ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయినదాని రంగుదే వేయండి. అది కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఎలక్ట్రీషియన్‌కు అప్పజెప్పండి.

## పంక్చర్ కిట్, సీలెంట్ డబ్బా... ఏది ఉంచుకోవాలి?

స్టెప్నీ, జాకీ, గాలి పంపు ఉంటే ముందు అవే. స్టెప్నీలో గాలి చూసి ఎన్నాళ్లయిందో కూడా ఆలోచించండి. చక్రం మార్చేటప్పుడు నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలి. బిగించేటప్పుడు ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి. కొద్ది దూరం తిరిగాక మళ్లీ ఒకసారి బిగువు చూడాలి. జాకీ మీద మాత్రమే నిలబడ్డ కారు కిందికి చెయ్యి, తల ఏదీ పెట్టొద్దు.

రంధ్రంలో రబ్బరు ముక్క దూర్చి మూసే ప్లగ్ కిట్ రోడ్డుకు తగిలే మధ్య భాగంలో మేకు దిగిన చిన్న రంధ్రాలకే. పక్క గోడలో, భుజం దగ్గర పడితే టైరు మార్చాల్సిందే. మేకు ఎక్కడుందో తెలియకపోతే సబ్బు నీళ్లు చల్లండి, బుడగలు వచ్చిన చోటే రంధ్రం. టైరు లోపలికి ఎక్కించే సీలెంట్ ద్రవం సుమారు 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రాన్ని పూడుస్తుంది, అదీ పంక్చర్ షాపుదాకా వెళ్లడానికే. 80 కిలోమీటర్ల వేగం దాటొద్దు. లోపల సీలెంట్ ఉందని షాపులో చెప్పండి, డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉన్న అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ కారుకు పెట్టాల్సింది కాదు.

## అద్దానికి రాయి తగిలి చిన్న పెచ్చు లేచింది. రెసిన్ కిట్ పనిచేస్తుందా?

చిన్న నాణెం లోపు ఉండి, డ్రైవర్ చూపుకు ఎదురుగా, అద్దం అంచున లేకపోతే పనిచేస్తుంది. చేయగలిగేదాకా దాని మీద పారదర్శకమైన టేప్ అంటించి ఉంచండి, దుమ్ము, తడి దూరితే రెసిన్ పట్టదు. అద్దం ఎండకు కాలిపోతున్నప్పుడు చల్లటి ఏసీ గాలి సూటిగా కొట్టనివ్వకండి, పగులు పాకుతుంది. రెసిన్ నీడలో ఎక్కించి, ఆ తర్వాతే యూవీ లైటుతోనో ఎండలోనో గట్టిపరచాలి. మచ్చ పూర్తిగా మాయం కాదు, పగులు పెరగకుండా ఆగుతుంది.

## సొట్టకు సక్షన్ కప్, వేడి నీళ్లు?

ప్లాస్టిక్ బంపర్ అయితే వేడి నీళ్లు పోసి వెనక నుంచి నెడితే చాలాసార్లు వచ్చేస్తుంది. లోహపు తలుపు మీద వెడల్పుగా, లోతు లేకుండా పడినదానికి సక్షన్ కప్ ప్రయత్నించొచ్చు. మడత పడిన అంచు, మూలల్లోని సొట్ట దాంతో రాదు, పెయింట్ చెడకుండా సొట్టలు తీసే పనివాడికి చూపించండి.

## ఇంజన్ భాగాన్ని ప్రెషర్ వాషర్‌తో కడగొచ్చా?

నేను వద్దంటాను. ఫ్యూజు బాక్సు, ఆల్టర్నేటర్, వైరు కనెక్టర్లలోకి నీళ్లు వెళ్తే వచ్చే లోపాలు వెతకడం నరకం. చల్లారిన ఇంజన్ మీద దుమ్ము బ్రష్‌తో దులిపి, డీగ్రీజర్ అద్దిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బాడీకి వాడేటప్పుడు కూడా వాషర్ నాజిల్ కనీసం అడుగు దూరంలో ఉంచండి. పెయింట్ లేచిన చోట, స్టిక్కర్ల అంచున, టైరు పక్క గోడ మీద దగ్గరి నుంచి కొట్టొద్దు. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద ఒలికితే మాత్రం ఆలస్యం చేయకుండా నీళ్లు పోసి కడగాలి, అది పెయింట్‌ను ఊడగొడుతుంది.

## ఏ పనులు అసలు ముట్టుకోకూడదు?

బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ దగ్గరి పసుపు రంగు కనెక్టర్లు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు కేబుళ్లు. ఆ చివరివాటిలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. వేడి మీదున్న రేడియేటర్ మూత కూడా ఈ జాబితాలోదే.

## ఈ సీసాలన్నీ డిక్కీలోనే పడేసి ఉంచొచ్చా?

గుడ్డలు, పంపు, గేజ్, ఫ్యూజులు, నీళ్ల స్ప్రే ఉంచుకోండి. స్ప్రే డబ్బాలు మాత్రం ఇంట్లో నీడన పెట్టాలి. చాలా డబ్బాల మీద 50 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వొద్దని హెచ్చరిక ఉంటుంది. ఎండలో మూసి ఉంచిన కారు లోపల వేడి ఆ హద్దు దాటగలదు. సీలెంట్ డబ్బా కారులో ఉండక తప్పదు కాబట్టి డిక్కీ అడుగున, స్టెప్నీ పక్కన, ఎండ తగలని చోట పెట్టండి.